కొరియా గాల్బి: పక్కటెముకల కోత నుంచి బొగ్గుల కుంపటి దాకా

పశువు పక్కటెముకల మాంసాన్ని మసాలాలో ఊరబెట్టి నిప్పుల మీద కాల్చే కొరియా వంటకం గాల్బి. అది తిన్నవాళ్ళకు గుర్తుండేది సోయా సాస్, నువ్వుల నూనె, కాలిన చక్కెర కలిసిన వాసన. అందుకే ఇంట్లో చేయాలనుకున్నప్పుడు అందరూ ముందుగా వెతికేది మసాలా కొలతలనే. నా ఉద్దేశంలో ఆ వరుస తలకిందులైనది. పక్కటెముకలను అంటుకుని ఉండే కండ పశువు నడిచినప్పుడూ ఊపిరి తీసినప్పుడూ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి అందులో రుచీ ఎక్కువే, కొల్లాజెన్ అనే గట్టి పదార్థమూ ఎక్కువే. ఆ కొల్లాజెన్ కరగాలంటే గంటల తరబడి సన్నని సెగ మీద ఉడకాలి. కొరియన్లు గాల్బిజిమ్ అనే పులుసులోనూ, గాల్బితాంగ్ అనే చారులోనూ చేసేది అదే. నిప్పుల మీద అయిదారు నిమిషాల్లో కాల్చి తినాలంటే మాత్రం కొల్లాజెన్ కరిగేంత వ్యవధి ఉండదు. ఆ లోటును తీర్చేది కత్తి. కండను పలచగా విప్పి, పోగులను పొట్టిగా తెంపితే అది కొరకడానికి మెత్తగా ఉంటుంది. అలా చేయకపోతే ఎంత మంచి మసాలా పట్టించినా నమలడమే మిగులుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో కోతకు మసాలా కంటే ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా కోతను ఎంచుకోండి

కొరియాలో ఒక్కొక్క ఊరు పక్కటెముకలను ఒక్కొక్క తీరున కోసి పేరు తెచ్చుకుంది. సియోల్‌కు దక్షిణాన ఉన్న సువోన్ నగరం ఒకప్పుడు పెద్ద పశువుల సంతకు నెలవు. అక్కడి వాంగ్ గాల్బిలో ఎముక ముక్క జానెడు దాకా ఉంటుంది, కండ కూడా దండిగా ఉంటుంది. సువోన్ పద్ధతిలో సోయా సాస్ బదులు ఉప్పు వాడడం ఆనవాయితీ కాబట్టి మాంసం నల్లబడకుండా తన రంగుతోనే కాలుతుంది. ఉత్తరాన పోచొన్ దగ్గరి ఇదొంగ్ సైనిక శిబిరాలున్న ప్రాంతం. అక్కడ ఎముకలను చిన్నవిగా చీల్చి, విడిపోయిన కండ ముక్కలను టూత్‌పిక్‌లతో గుచ్చి ఎముకకు జత చేసే పద్ధతి పుట్టింది. తక్కువ డబ్బుకు ఎక్కువ ముక్కలు కనిపించాలన్నదే దాని వెనకున్న లెక్క. బుసాన్‌లోని హేఉందే తీరంలో 1964 నుంచి నడుస్తున్న ఒక గాల్బి హోటల్ కండకు రెండు వైపులా ఏటవాలు గాట్లు పెట్టే కోతకు ప్రసిద్ధి చెందింది. ఆ గాట్ల వల్ల మాంసం మీద వజ్రాల ఆకారపు గళ్ళు ఏర్పడతాయి.

నాలుగోది ఎల్‌ఏ గాల్బి. అమెరికాలో, ముఖ్యంగా లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడిన కొరియన్ల ద్వారా ఈ కోత ప్రసిద్ధమైందని ఎక్కువమంది చెబుతారు. మూడు నాలుగు ఎముకలను కలిపి అడ్డంగా రంపపు మరతో కోస్తారు కాబట్టి ప్రతి పట్టీలోనూ ఒక అంచున మూడు నాలుగు గుండ్రని ఎముక ముక్కలు వరుసగా కనిపిస్తాయి. పట్టీ మందం 6 నుంచి 8 మిల్లీమీటర్లు. మర కోతలోనే పోగులు పొట్టిగా తెగిపోతాయి గనుక ఇంట్లో కత్తి నైపుణ్యం అవసరం పడదు. ఈ కోత తర్వాత కొరియాకే తిరిగి చేరింది. ఇప్పుడు చుసొక్, సొల్లాల్ పండుగలకు అక్కడి ఇళ్ళలో ఎల్‌ఏ గాల్బి చేసుకోవడం మామూలే.

మొదటిసారి చేసేవాళ్ళు ఎల్‌ఏ గాల్బితో మొదలుపెట్టడం మంచిది. కత్తి మీద చేయి తిరిగినవాళ్ళు, లేదా మరతో అడ్డంగా కోసి ఇచ్చే కొట్టు దగ్గరలో లేనివాళ్ళు మందపాటి ఎముక ముక్క తెచ్చుకుని తామే విప్పుకోవచ్చు. రెండింటి పద్ధతులూ కింద ఇస్తున్నాను.

కొనేటప్పుడు చూడవలసినవి

పశువుకు పక్కటెముకలు పదమూడు జతలు. కాల్చడానికి ఎక్కువగా ఇష్టపడేది మధ్యలో ఉండే ఆరు, ఏడు, ఎనిమిది నంబర్ల ఎముకల మాంసం. అక్కడ కండ మందంగా ఉంటుంది, దానిలో కొవ్వు చారలు సన్నగా అల్లుకుని ఉంటాయి. మెడ వైపు ఎముకల మాంసానికి రుచి బాగానే ఉన్నా నరాలు, పొరలు ఎక్కువ. తోక వైపు పోయేకొద్దీ కండ పలచబడుతుంది. కొరియా దేశవాళీ పశువు హన్వు మాంసానికి అక్కడ శ్రేణులు ఉంటాయి; 1++ అన్నది అన్నిటికన్నా పైది. దాని ధర చూస్తే దాన్ని మసాలాలో ముంచడానికి మనసు ఒప్పదు. కొరియన్లు కూడా మేలురకం మాంసాన్ని సేంగ్ గాల్బి పేరుతో ఏమీ పట్టించకుండా, ఉప్పు అద్దుకుని తింటారు. కాబట్టి మసాలా గాల్బికి మధ్యరకం మాంసం చాలు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు ఇది సులువు. డాలస్, న్యూజెర్సీ వంటి చోట్ల హెచ్ మార్ట్ లాంటి కొరియన్ దుకాణాల్లో ఎల్‌ఏ గాల్బి పేరుతోనే పొట్లాలు దొరుకుతాయి. మామూలు మాంసం కొట్టులో అయితే ఫ్లాంకెన్ కోత అని అడగాలి. పొట్లాన్ని పక్కనుంచి చూసి పట్టీలన్నీ ఒకే మందంలో ఉన్నాయో లేదో గమనించండి. ఒక చివర 5, మరో చివర 12 మిల్లీమీటర్లు ఉన్న పట్టీలో పలచటి చివర మాడిపోయేసరికి మందపాటి చివర పచ్చిగానే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గోవధను నిషేధించే 1977 నాటి చట్టం ఉంది కాబట్టి పెద్దకూర పేరుతో ఇక్కడి కొట్లలో దొరికేది ఎక్కువగా దున్న, గేదె మాంసమే. దానిలో కొవ్వు చారలు తక్కువ, పోగులు ముతక. ఆ మాంసంతోనూ ఈ వంటకం చేయవచ్చు గాని లేత పశువు పక్కటెముకలు అడగాలి, మామూలు కంటే పలచగా విప్పాలి, మసాలాలో నూనె కొంచెం పెంచాలి, నిప్పుల మీద ఒక నిమిషం ముందే తీసేయాలి.

మనిషికి ఎముకతో కలిపి 300 నుంచి 350 గ్రాముల చొప్పున లెక్క వేసుకోండి. ఈ మార్గదర్శిలోని కొలతలన్నీ ఎముకతో కలిపి కిలోన్నర మాంసానికి, అంటే నలుగురైదుగురికి సరిపడేవి.

నీళ్ళలో నానబెట్టడం

మరతో కోసిన పట్టీల మీద ఎముక పొడి అంటుకుని ఉంటుంది. దాన్ని కడగకపోతే తినేటప్పుడు ఇసుక కొరికినట్టు పళ్ళ కింద పడుతుంది. ఒక్కో పట్టీని చన్నీళ్ళ ధార కింద పట్టి, ఎముక అంచుల వెంట వేలితో రుద్ది కడగండి. తర్వాత పెద్ద గిన్నెలో చన్నీళ్ళు పోసి పట్టీలను 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. మందపాటి ముక్కలైతే గంటసేపు, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చి ఉంచాలి. ఎముక గుజ్జులో మిగిలిన నెత్తురు దిగిపోవడానికి కొరియన్లు తప్పకుండా చేసే పని ఇది. చేయకపోతే ఆ నెత్తురు నిప్పుల మీద గడ్డకట్టి ఎముక చుట్టూ నల్లగా పేరుకుంటుంది. వేసవిలో గిన్నెలో నాలుగు మంచు ముక్కలు వేయడం మంచిది. అంతకంటే ఎక్కువసేపు నానబెడితే రుచి కూడా నీళ్ళతో పోతుంది.

నీళ్ళు వంపేశాక మాంసాన్ని శుభ్రమైన బట్టతో గానీ కాగితపు తువ్వాలుతో గానీ అద్ది పూర్తిగా తడి ఆర్చండి. ఈ పని విసుగనిపించి చాలామంది వదిలేస్తారు. మాంసాన్ని అంటుకున్న నీరు మసాలాను పలచన చేస్తుంది, ఆ పలచనైన మసాలా లోపలికి దిగడానికి ఆలస్యమవుతుంది.

మందపాటి ముక్కను విప్పడం

ఎల్‌ఏ కోత వాడేవాళ్ళు ఈ భాగాన్ని దాటి వెళ్ళవచ్చు. మిగతావాళ్ళు ఆరేడు సెంటీమీటర్ల పొడవున్న ఎముక, దాని మీద మూడు సెంటీమీటర్ల మందాన కండ ఉన్న ముక్కలను తీసుకోండి. వాటిని 30 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచితే కండ బిగుసుకుని కత్తికి లొంగుతుంది. కత్తి సన్నగా, పొడవుగా, బాగా పదునుగా ఉండాలి.

మొదట పైనున్న దళసరి కొవ్వునూ, వెండి రంగులో మెరిసే పొరనూ తీసేయండి. పొర ఒక మూలను కత్తి మొనతో లేపి, దాన్ని వేళ్ళతో బిగించి లాగుతూ కింద కత్తిని పొరకు ఆనించి జరిపితే కండ వృథా కాకుండా వస్తుంది. ఈ పొర కాల్చినప్పుడు ముడుచుకుని ముక్కను గిన్నెలా వంచేస్తుంది గనుక మిగలనివ్వకూడదు.

ఇప్పుడు ఎముక కిందికి, కండ పైకి వచ్చేలా ముక్కను పలక మీద పెట్టండి. కత్తిని పలకకు సమాంతరంగా పట్టుకుని, ఎముకకు సరిగ్గా పైన కుడి అంచునుంచి ఎడమ అంచు వైపు కోస్తూ వెళ్ళి, అర సెంటీమీటరు మిగిలి ఉండగానే ఆపండి. కండ ఆ కొద్దిపాటి మేర ఎముకను పట్టుకుని ఉంటుంది. ఆ కండను ఎడమవైపుకు తిప్పి పలక మీద పరచండి. ఎముక ఇప్పుడు కుడి చివరన ఉంటుంది. తర్వాతి కోత ఎముక పక్కనుంచి మొదలవుతుంది: పలక నుంచి అర సెంటీమీటరు ఎత్తులో కత్తిని అడ్డంగా దించి, అవతలి అంచు వైపు జరుపుతూ మళ్ళీ అర సెంటీమీటరు ముందే ఆగాలి. పైన మిగిలిన మందపాటి భాగాన్ని చాప చుట్ట విప్పినట్టు ఎడమవైపుకు దొర్లించాలి. ఇలా మరో రెండు మూడు సార్లు చేస్తే ఒక చివర ఎముక వేలాడే పొడవాటి పట్టీ తయారవుతుంది. ఎడమ చేతి వేళ్ళను కండ పైన చదునుగా ఆనించి పెడితే కత్తి ఎంత మందంలో పోతున్నదో వేళ్ళకే తెలుస్తుంది. ఎక్కడైనా చిల్లు పడితే కంగారు పడనక్కర్లేదు. పట్టీ తెగకుండా ఉంటే చాలు.

ఆ తర్వాత గాట్లు. పట్టీ మీద సెంటీమీటరు దూరం చొప్పున ఏటవాలుగా, మందంలో మూడో వంతు లోతుకు మించకుండా గాట్లు పెట్టండి. పట్టీని తిరగేసి అదే పని ఎదురు వాలులో చేయండి. రెండు వైపుల గాట్లూ ఒకే వాలులో, సగం లోతు దాకా పడితే పట్టీ కాల్చేటప్పుడు ముక్కలై జాలీలోంచి నిప్పుల్లోకి జారిపోతుంది. ఈ గాట్లు మిగిలిన పోగులను తెంపుతాయి, మసాలా లోపలికి దిగడానికి దారి చేస్తాయి, కాల్చినప్పుడు గరుకైన అంచులను ఎక్కువ చేస్తాయి. ఆ అంచులే చక్కగా ఎర్రబడేది.

మసాలా

కిలోన్నర మాంసానికి కావలసినవి ఇవి:

సోయా సాస్ 150 మిల్లీలీటర్లు, నీళ్ళు 100 మిల్లీలీటర్లు
బెల్లపు రంగు చక్కెర 60 గ్రాములు, ములియొత్ అనే కొరియా ధాన్యపు పాకం ఒక పెద్ద చెంచా (లేకపోతే తేనె)
బియ్యపు వైన్ లేదా మిరిన్ 3 పెద్ద చెంచాలు
కొరియా బేరిపండు గుజ్జు 200 గ్రాములు, ఉల్లిపాయ 100 గ్రాములు
వెల్లుల్లి 10 రెబ్బలు, అల్లం గోరంత ముక్క
వేయించిన నువ్వుల నూనె 2 పెద్ద చెంచాలు, మిరియాల పొడి ఒక చిన్న చెంచా
సన్నగా తరిగిన ఉల్లికాడలు 3, వేయించిన నువ్వులు ఒక పెద్ద చెంచా

ఇందులో కొన్నింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో చైనీస్ నూడుల్స్‌కు వాడే నల్లటి సోయా సాస్‌లో రంగు కోసం కారమెల్ కలుపుతారు. అది ఈ వంటకానికి పనికిరాదు, ఎందుకంటే మాంసం కాలకముందే నల్లగా కనిపిస్తుంది, చేదు కూడా తగులుతుంది. సహజంగా పులియబెట్టిన కొరియా లేదా జపాన్ సోయా సాస్ తీసుకోండి. కొరియన్ దుకాణంలో గుక్ గాంజాంగ్ అని రాసి ఉన్న సీసాను మాత్రం తీసుకోవద్దు. అది చారులో వాడేది, ఉప్పు చాలా ఎక్కువ. నువ్వుల నూనె విషయంలోనూ అంతే. మన ఇళ్ళలో ఆవకాయకు వాడే నువ్వుల నూనె పచ్చి నువ్వులను గానుగాడించి తీసినది. కొరియాది నువ్వులను ఎర్రగా వేయించి తీసినది. వాసనలో ఈ రెండింటికీ పోలిక లేదు. వేయించిన నూనె దొరకకపోతే మన నూనెలోనే గుప్పెడు నువ్వులను దోరగా వేయించి, నూరి కలుపుకుంటే కొంత దగ్గరికి వస్తుంది.

ఇంకొక హెచ్చరిక: ఫ్రిజ్‌లో ఉన్న అల్లం వెల్లుల్లి ముద్దను వేయకండి. దానిలో అల్లం పాలు చాలా ఎక్కువ. గాల్బిలో వెల్లుల్లి ముందు నడవాలి, అల్లం ఉందా లేదా అన్నట్టు ఉండాలి. గరం మసాలా, ధనియాల పొడి, పసుపు వేయాలన్న కోరికను కూడా ఈ ఒక్కసారికి అణచుకోవలసిందే.

బేరిపండు ఇక్కడ తీపి కోసం మాత్రమే కాదు. కొరియా దక్షిణాన నాజు ప్రాంతం పేరుమోసిన ఆ గుండ్రటి, నీరూరే బేరిపండులో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. అవి నెమ్మదిగా పనిచేస్తాయి కాబట్టి రాత్రంతా ఉంచినా మాంసం పిండి కాదు. కివీ పండులోని యాక్టినిడిన్, పచ్చి అనాసలోని బ్రొమెలైన్ అలాంటివి కావు, చాలా చురుకైనవి. హైదరాబాద్ కబాబులకు మాంసాన్ని మెత్తబరచడానికి పచ్చి బొప్పాయి ముద్ద వాడడం తెలిసినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు; బొప్పాయిలోని పపైన్ కూడా ఆ కోవదే. బేరిపండు బదులు కివీ వాడితే కిలోన్నరకు సగం పండు చాలు, రెండు మూడు గంటలు మించి ఉంచకూడదు. పచ్చి బొప్పాయి అయితే రెండు చిన్న చెంచాల ముద్ద, అదే గడువు. మిగిలిన తీపి కోసం ఆపిల్ గుజ్జు వేసుకోవచ్చు. డబ్బాలో వచ్చే అనాస ముక్కలను వేడి చేసి నింపుతారు కాబట్టి వాటిలో ఎంజైము చచ్చిపోయి ఉంటుంది, తీపి తప్ప ఇంకేమీ రాదు. ఏ పండు వాడినా దాని పని పైపైన కొన్ని మిల్లీమీటర్లకే పరిమితం. పలచని కోతకు ఇది సరిపోతుంది, మందపాటి ముక్కకు చాలదు.

బేరిపండు, ఉల్లిపాయ, వెల్లుల్లి, అల్లం మెత్తగా రుబ్బి పలచటి బట్టలో వేసి రసం పిండండి. పిప్పిని వదిలేయాలని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే మాంసాన్ని అంటుకున్న పిప్పి నిప్పుల మీద మాంసం కంటే ముందే మాడుతుంది. కొరియా వంటిళ్ళలో మొదట చక్కెరనూ పండ్ల రసాన్నీ పట్టించి, అరగంట తర్వాత సోయా సాస్ పోయడం చాలామందికి అలవాటు. ఉప్పదనం ముందు తగిలితే మాంసం బిగిసి తీపి లోపలికి దిగదని వాళ్ళు అంటారు. నేనూ ఆ క్రమాన్నే ఇష్టపడతాను. నువ్వుల నూనెను మాత్రం ఆఖరున కలపాలి. ముందే వేస్తే మాంసం పైన పొరలా పరుచుకుని మిగతావాటికి అడ్డుపడుతుంది.

కలిపిన రసాన్ని మాంసం వేయకముందే చెంచాతో రుచి చూడండి. ముందు తీపి, వెంటనే ఉప్పు తగలాలి, తాగడానికి కాస్త ఘాటుగా అనిపించాలి. సువోన్ పద్ధతి కావాలనుకుంటే సోయా సాస్‌ను పూర్తిగా మానేసి 15 గ్రాముల ఉప్పు వేయండి, చక్కెరను సగానికి తగ్గించండి, మిగతావన్నీ అలాగే ఉంచండి.

ఎంతసేపు ఊరాలి

వెడల్పాటి మూత డబ్బాలో పట్టీలను ఒక వరస పరిచి, పైన రసం పోసి, మళ్ళీ ఒక వరస పరుస్తూ నింపండి. లోతైన గిన్నెలో కుక్కితే మధ్యలో ఉన్న పట్టీలకు రసం అందదు. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యలో ఒకసారి పైవాటిని కిందికి మార్చండి. ఎల్‌ఏ పట్టీలకు తక్కువలో తక్కువ నాలుగు గంటలు, బాగా ఊరాలంటే ఒక రాత్రి కావాలి. విప్పిన మందపాటి ముక్కలకు 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఒక రోజు దాటితే ఉప్పు మాంసంలోని నీటిని లాగి, నిలవ మాంసంలాంటి గట్టిదనాన్ని తెస్తుంది.

కాల్చడానికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి తీసి, జల్లెడలో వేసి రసం ఓడ్చండి. రసం కారుతున్న పట్టీ నిప్పుల మీద కాలదు, ఉడుకుతుంది.

నిప్పు

కొరియా హోటళ్ళలో బల్ల మధ్యలో గుంట చేసి, ఎర్రగా మండిన కర్రబొగ్గు కుండీని దించి, పైన తీగ జాలీ పెడతారు. పొగ లాగడానికి పైకప్పు నుంచి గొట్టం వేలాడుతూ ఉంటుంది. ఓక్ కర్ర బొగ్గు అక్కడ మేలైనదిగా చెబుతారు. మనకు అందేది ఏ గట్టి కర్ర బొగ్గైనా సరిపోతుంది. కిరసనాయిలు పోసి అంటించిన బొగ్గు, రసాయనం పూసిన బొగ్గు బిళ్ళలు మాత్రం వద్దు, ఆ వాసన మాంసానికి పడుతుంది.

బొగ్గులన్నీ అంటుకుని పైన తెల్లని బూడిద కమ్మే వరకు ఆగండి. జాలీకి జానెడు పైన అరచేయి పెట్టి మూడు నాలుగు సెకన్లు ఓర్చుకోగలిగితే సెగ సరిగ్గా ఉన్నట్టు. కుంపటిలో ఒక పక్క బొగ్గులు దట్టంగా, మరో పక్క పలచగా ఉంచడం చాలా అవసరం. మసాలాలో చక్కెర ఉంది, మాంసంలో కొవ్వు ఉంది; కొవ్వు చుక్క బొగ్గు మీద పడి మంట లేవగానే పట్టీని పలచని పక్కకు జరిపే వీలుండాలి. నీళ్ళు చల్లితే బూడిద ఎగిరి మాంసానికి అంటుకుంటుంది.

బొగ్గుల కుంపటిని ఇంట్లోగానీ, అద్దాలు బిగించిన బాల్కనీలోగానీ ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకండి. బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు మందపాటి ఇనుప పెనం చాలు. పెనాన్ని బాగా కాచి, కొంచెం నూనె రాసి, ఒకేసారి రెండు మూడు పట్టీలకు మించకుండా వేయండి. ప్రతి విడతకూ మధ్య పెనాన్ని తడి బట్టతో తుడవాలి, లేకపోతే అంటుకున్న చక్కెర మాడి తర్వాతి పట్టీలకు చేదు ఎక్కుతుంది. ఓవెన్ పై కాయిల్ కింద అయితే 12 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ఒక వైపు నాలుగైదు నిమిషాలు, రెండో వైపు రెండు మూడు నిమిషాలు కాల్చాలి.

కాల్చడం

జాలీకి నూనె అద్దిన గుడ్డ రాసి, పట్టీలను ఒకదానికొకటి తగలకుండా పరచండి. మొదటి వైపును నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు కదపకండి. అంచులు కొద్దిగా పైకి లేచి, పై ముఖాన సన్నని చెమట బిందువుల్లా రసం ఊరడం కనిపిస్తుంది. అప్పుడు పట్టకారుతో తిప్పండి. రెండో వైపు కూడా రంగు పట్టాక ప్రతి అర నిమిషానికీ తిప్పుతూ ఉండండి. చక్కెర ఉన్న మాంసాన్ని తరచూ తిప్పితేనే మాడకుండా పొర మీద పొరగా ఎర్రబడుతుంది. మాంసాన్ని ఒక్కసారే తిప్పాలన్న నియమం ఇక్కడ పనికిరాదు. ఎల్‌ఏ పట్టీకి మొత్తం నాలుగు నుంచి ఆరు నిమిషాలు పడుతుంది. ఎముక చుట్టూ ఉన్న మాంసం గులాబీ రంగు పోగొట్టుకుని, కండ అంచులు చిన్న చిన్న నల్ల చుక్కలతో నిగనిగలాడితే దింపేయవచ్చు.

విప్పిన మందపాటి పట్టీకి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు కావాలి. కొరియాలో బల్ల దగ్గరే దీన్ని కత్తెరతో కోస్తారు. కండ ముప్పాతిక కాలగానే ఎముకకు వేలెడు దూరంలో కత్తిరించి, కండను నోటికి సరిపడే ముక్కలు చేసి జాలీ మీదే మరో నిమిషం ఉంచుతారు. ఎముకను మాత్రం అంచుకు జరిపి నిదానంగా కాలనిస్తారు. ఎముకను పట్టుకుని ఉన్న ఆ గట్టి మాంసాన్ని చివర్లో చేత్తో పట్టుకుని కొరుక్కుని తినడానికే చాలామంది ఎదురుచూస్తారు.

పచ్చి మాంసానికి ఒక పట్టకారు, కాలినదానికి ఇంకొకటి వాడండి. మిగిలిన రసాన్ని పైన పూయాలనుకుంటే ముందు రెండు మూడు నిమిషాలు తెర్లించండి. జాలీకి నల్లటి పెంకు కట్టగానే మార్చండి లేదా గీకండి. హోటళ్ళలో ఒక భోజనంలోనే జాలీని పలుమార్లు మారుస్తారు.

వడ్డన

కాలిన ముక్కలను లెట్యూస్ జాతి సాంగ్చు ఆకుల్లోనో, ఘాటు వాసన ఉండే కెన్నిప్ ఆకుల్లోనో పెట్టి, పచ్చి వెల్లుల్లి పలుకు, పచ్చిమిర్చి ముక్క, కొంచెం స్సమ్‌జాంగ్ అనే ఘాటైన ముద్ద చేర్చి, చుట్టి ఒకే ముద్దగా నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికి సగం చేతిలో ఉంచుకుంటే అంతా విడిపోతుంది కాబట్టి చుట్టను చిన్నదిగానే చేయాలి. స్సమ్‌జాంగ్ ఇంట్లో కలుపుకోవాలంటే రెండు పాళ్ళు త్వెన్‌జాంగ్ (పులియబెట్టిన సోయా ముద్ద), ఒక పాలు గోచుజాంగ్ (పులియబెట్టిన మిరప ముద్ద), నూరిన వెల్లుల్లి, నువ్వుల నూనె, చిటికెడు చక్కెర చాలు. మసాలా గాల్బిలో ఇప్పటికే ఉప్పూ తీపీ ఉన్నాయి గనుక దీన్ని గోరంత మాత్రమే పెట్టుకోండి.

నా లెక్కలో దీనికి సరైన జోడు పజొరి. ఉల్లికాడలను నిలువునా దారాల్లా చీల్చి, చన్నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, నీళ్ళు పిండేసి, వెనిగర్, కొరియా కారం, చక్కెర, నువ్వుల నూనె కలిపి వడ్డించే ముందే తయారు చేయాలి. మాంసంలోని కొవ్వు, తీపి మొహం మొత్తకుండా ఆ పులుపు కాపాడుతుంది. కొరియాలో మాంసం అయ్యాక చల్లటి నెంగ్‌మ్యొన్ సేమ్యాతోనో, త్వెన్‌జాంగ్ పులుసూ అన్నంతోనో భోజనం ముగిస్తారు. ముందు చెప్పిన హేఉందే హోటల్‌లో కాల్చే పళ్ళెం అంచున చేరిన రసంలో బంగాళదుంప సేమ్యా ఉడికించి పెట్టడం ప్రసిద్ధం. ఇనుప పెనం మీద చేసేవాళ్ళు కూడా తెర్లించిన మసాలాలో కొంచెం నీళ్ళు కలిపి ఆ పని చేసుకోవచ్చు.

పెద్దకూర తిననివారికి

ఇదే మసాలాతో పంది పక్కటెముకలను కాల్చితే అది త్వేజి గాల్బి. కొరియాలో అది రోజువారీ వంటకం, గొడ్డు మాంసం గాల్బి కంటే చవక. పంది మాంసాన్ని గులాబీ రంగు పోయేదాకా కాల్చాలి, కాబట్టి చక్కెరను 40 గ్రాములకు తగ్గించి సన్నని సెగ వాడండి. ఎముక తీసిన కోడి తొడ మాంసానికి గాట్లు పెట్టి రెండు గంటలు ఊరబెడితే చాలు. అనంతపురం వైపు పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక వెలిసిన కొరియన్ హోటళ్ళ వల్ల ఈ రుచులు రాయలసీమలో కూడా కొందరికి అలవాటయ్యాయి.

నిలవ చేయడం

ఎక్కువ మాంసం కొన్నప్పుడు మసాలా పట్టించిన పట్టీలను అప్పటికప్పుడే, ఊరనివ్వకుండా, ఒక పూటకు సరిపడే పొట్లాలుగా గాలి లేకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. గడ్డకట్టిన స్థితిలో ఎంజైములు దాదాపు పని ఆపేస్తాయి, మంచు కరుగుతుంటే మళ్ళీ మొదలుపెడతాయి. అందువల్ల కాల్చే రోజుకు ముందు రాత్రి పొట్లాన్ని ఫ్రిజ్ కింది అరలోకి మార్చితే మంచు కరగడమూ ఊరడమూ ఒకేసారి పూర్తవుతాయి. కివీ, బొప్పాయి వేసిన మసాలాను మాత్రం ఇలా నిలవ చేయకండి. మంచు కరిగేలోపే మాంసం పైభాగం పిండిలా అయిపోతుంది. కాల్చి మిగిలిన గాల్బిని ఎముక తీసి సన్నగా తరిగి, మర్నాడు గుడ్డుతో వేయించిన అన్నంలో కలుపుకోవచ్చు. రెండోసారి కాల్చితే మాత్రం గట్టిబడుతుంది.